ఆ డబ్బు ఎవరి దగ్గర్నుంచి వస్తుంది?

ఇంట్లో కూర్చుని పనిచేసి సంపాదించడం సిద్దిపేట ప్రాంతానికి కొత్త ముచ్చట కాదు. దుబ్బాక, సిద్దిపేట చుట్టుపక్కల ఊళ్లలో వేలాది ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేసి ఇల్లు నడిపారు, పిల్లల ఫీజులు కట్టారు. గొల్లభామ చీర నేసేవాళ్లకు, చేర్యాల నకాశీ బొమ్మలు గీసేవాళ్లకు ఇల్లే కార్ఖానా. అందుకే ‘ఇంటి నుంచే నెలకు ముప్పై వేలు’ అన్న ప్రకటన ఫోన్‌లో కనిపించినప్పుడు ఇక్కడివాళ్లకు అది జరగని మాటగా తోచదు. పని ఇంటికే రావడం, చేసినంతకు డబ్బు రావడం వాళ్లు కళ్లారా చూసిందే. మోసపు ప్రకటన ఆ నమ్మకాన్నే వాడుకుంటుంది.

బీడీ పనిలో డబ్బు ఎలా నడుస్తుందో ఒకసారి గమనించాలి. ఆకు, తంబాకు కంపెనీ తరఫున టేకేదారు ఇస్తాడు. చేసిన బీడీలకు వెయ్యికి ఇంత అని కూలి కడతారు. ఆకు నాసిగా వస్తే సొంత పైసలతో కొని కలపాల్సి వస్తుందని, బాగాలేవంటూ కొన్ని బీడీలు ఏరి పక్కన పడేస్తారని కార్మికులు ఏళ్ల తరబడి మొర పెట్టుకుంటూనే ఉన్నారు. ఆ పనిలో అన్యాయం లేదని ఎవరూ అనలేరు. అయినా డబ్బు దారి మాత్రం తేటగా ఉంది. ఎక్కడో ఒక దుకాణంలో బీడీ కట్ట కొన్నవాడు ఇచ్చిన రూపాయిలోంచి కొంత దుకాణదారుకు, కొంత కంపెనీకి, కొంత టేకేదారుకు పోయి, మిగిలింది బీడీ చేసిన మనిషికి చేరుతుంది. పనిచేసే మనిషికీ కొనే మనిషికీ మధ్య ఎందరున్నా, డబ్బు మొదలయ్యేది కొనేవాడి జేబులోనే.

ఇంటి దగ్గర చేసుకునే ఏ ఆన్‌లైన్ వ్యాపారాన్నైనా ముందుగా అడగవలసింది ఇదే. చివరికి సరుకో సేవో కొనేది ఎవరు? ఆ మనిషి ఈ పథకానికి బయటివాడా, లేక కొత్తగా చేరినవాడా? ఈ ప్రశ్నకు సూటి జవాబు దొరకని చోట మిగతా వివరాలు ఎంత ముచ్చటగా ఉన్నా వాటికి విలువ లేదు. కంపెనీ పెద్దదా చిన్నదా, ఆఫీసు ఏసీదా కాదా, ప్రకటనలో కనిపించింది ఏ నటుడు అన్నవన్నీ ఆ తర్వాతి సంగతులు.

కరక్కాయల లెక్క

2018లో హైదరాబాద్ కేపీహెచ్‌బీ కాలనీ కేంద్రంగా నడిచిన కరక్కాయ పొడి పథకం ఈ విషయానికి మంచి పాఠం. కంపెనీ దగ్గర కిలో వెయ్యి రూపాయలకు కరక్కాయలు కొనాలి. ఇంటికి తీసుకెళ్లి పొడి చేసి తిరిగి ఇవ్వాలి. ఇస్తే కిలోకు రూ.1,300 చెల్లిస్తారు. పెట్టుబడి వెయ్యి, రాబడి పదమూడు వందలు, మధ్యలో చేసే పని దంచడం, జల్లించడం. మొదట్లో చేరినవాళ్లకు డబ్బు చెప్పినట్టే వచ్చింది. వాళ్లు మరిన్ని కిలోలు తెచ్చుకున్నారు, చుట్టాలకు చెప్పారు. కొన్నాళ్లకు ఆఫీసుకు తాళం పడింది. సైబరాబాద్ పోలీసుల దగ్గరికి వందల మంది బాధితులు వచ్చారు. పోయిన సొమ్ము కోట్లలో తేలింది.

వెయ్యి రూపాయలకు మూడు వందల లాభం అన్నప్పుడు ఏ లెక్క వేసుకోవాలి? ఊళ్లో అప్పు నెలకు నూటికి రెండు రూపాయల మిత్తికి దొరుకుతుంది. ఆ కంపెనీకి కరక్కాయ పొడిలో నిజంగా లాభం ఉంటే, రెండు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి, ఒక పెద్ద గిర్ని పెట్టి, రోజుకు టన్నుల లెక్కన పొడి పట్టించుకోవచ్చు. నూటికి ముప్పై ఇచ్చి వెయ్యి ఇళ్లలో రోట్లో దంచించుకోవలసిన అవసరం దానికి ఏమొచ్చింది? పైగా మార్కెట్లో కిలో కరక్కాయల ధర ఆ వెయ్యి రూపాయలలో చిన్న భాగమే. మందుల షాపులో, పచారీ కొట్టులో అడిగినా తెలిసే సంగతి. అంటే చేరినవాళ్లు కట్టిన వెయ్యిలో ఎక్కువ భాగం సరుకు ఖరీదు కాదు, పేరు మార్చుకున్న డిపాజిట్. ముందు చేరినవాళ్లకు ఇచ్చిన పదమూడు వందలు తర్వాత చేరినవాళ్ల డిపాజిట్లలోంచి తీసినవి. ఆ పొడి ఎవరు కొన్నారన్న ప్రశ్నకు జవాబే లేదు.

ఇదే పద్ధతి సరుకు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చింది. 2019 జనవరిలో రాచకొండ పోలీసులు బయటపెట్టిన పథకంలో పల్లీల నుంచి నూనె తీసే యంత్రాలు అమ్మారు. తర్వాత ఏఎస్ రావు నగర్ కేంద్రంగా దీపం వత్తులు చేసే యంత్రాల వ్యాపారం అలాగే ముగిసింది. యంత్రం మా దగ్గరే కొనాలి, ముడిసరుకు మా దగ్గరే తీసుకోవాలి, తయారైన సరుకు మేమే కొంటాం అన్న మూడు మాటలు ఒకే నోటి నుంచి వస్తున్నాయంటే, కొన్నవాళ్ల చేతిలో ఉన్నది వ్యాపారం కాదు, ఒక హామీ మాత్రమే. ఆ హామీ ఇచ్చినవాడు లేకపోతే యంత్రం విలువ ఎంత? అదే యంత్రాన్ని బయట అమ్మే దుకాణంలో ధర ఎంత? చేసిన వత్తులను సిద్దిపేట బజారులో పూజా సామగ్రి దుకాణం వాళ్లు ఎంతకు తీసుకుంటారు? ఒక పూట తిరిగితే ఈ మూడూ తెలుస్తాయి. దుకాణదారు చెప్పిన ధరకు అమ్మినా గిట్టుబాటు అయితే యంత్రం కొనడం ఆలోచించవచ్చు. కంపెనీ చెప్పిన ధరకే గిట్టుబాటు అయితే కొనకూడదు.

ఆన్‌లైన్ సర్వేల పేరుతో 2010–11లో దేశమంతా పాకిన స్పీక్ ఏషియా కూడా ఈ కోవలోదే. ఏడాది సభ్యత్వానికి రూ.11,000 కట్టాలి. వారానికి రెండు సర్వేలు పూర్తి చేస్తే ఒక్కోదానికి ఐదు వందలు. ఏడాదికి లెక్కేస్తే రూ.52,000. కాసేపు ప్రశ్నలకు టిక్కులు పెట్టినందుకు ఇంత డబ్బు ఏ కంపెనీ ఇస్తుంది, ఎందుకిస్తుంది అని అడిగినవాళ్లు తక్కువ. టీవీలో, పత్రికల్లో పెద్ద పెద్ద ప్రకటనలు రావడంతో, ప్రకటన వచ్చిందంటే ఎవరో పరిశీలించే ఉంటారని జనం అనుకున్నారు. సుమారు 24 లక్షల మంది డబ్బు కట్టారని, ఆ మొత్తం రూ.2,200 కోట్లకు పైనేనని ముంబై పోలీసుల దర్యాప్తులో తేలింది. డబ్బు తీసుకుని ప్రకటన వేసే పత్రికా చానలూ ఆ వ్యాపారం సాధ్యాసాధ్యాలను లెక్కగట్టవు. ఈనాటి ఫేస్‌బుక్, యూట్యూబ్ ప్రకటనల సంగతి చెప్పనక్కర్లేదు.

మొదటి లాభం ఎందుకిస్తారు

ఇప్పుడు ఎక్కువగా కనిపించేది ‘టాస్క్’ పని. వీడియోకు లైక్ కొట్టాలి, హోటల్‌కు ఐదు నక్షత్రాల రేటింగ్ ఇవ్వాలి, స్క్రీన్‌షాట్ పంపాలి. దాని తీరును కేంద్ర హోం శాఖే 2023 డిసెంబర్ 6న వివరించి, ఇలాంటి పెట్టుబడి, పార్ట్‌టైమ్ ఉద్యోగ మోసాలకు వాడుతున్న వందకు పైగా వెబ్‌సైట్లను నిలిపివేసినట్టు ప్రకటించింది. ఆ ప్రకటన ప్రకారం వీళ్లు గూగుల్, మెటా వేదికల మీద ఇంట్లో కూర్చుని ఉద్యోగం, ఇంట్లో కూర్చుని సంపాదన వంటి మాటలతో వివిధ భాషల్లో ప్రకటనలు వేస్తారు. రిటైరైన ఉద్యోగులు, మహిళలు, ఉద్యోగం లేని యువత వాళ్ల గురి. ప్రకటన నొక్కగానే వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో ఒక ఏజెంటు మాట కలుపుతాడు. చిన్న పనులకు కొంత కమీషన్ ఇస్తాడు. ఆ తర్వాత ఇంకా ఎక్కువ రావాలంటే పెట్టుబడి పెట్టాలంటాడు. పెద్ద మొత్తం పడ్డాక దాన్ని స్తంభింపజేస్తాడు.

అదే ఏడాది జూలైలో హైదరాబాద్ పోలీసులు తొమ్మిది మందిని అరెస్టు చేసిన కేసులో మొత్తం రూ.712 కోట్లు చేతులు మారినట్టు తేలింది. అక్కడ ఒక బాధితుడు ముందు వెయ్యి రూపాయలు పెడితే రూ.866 లాభం వచ్చింది. తర్వాత పాతిక వేలు పెడితే ఇరవై వేల లాభం కనిపించింది. చివరికి పోయింది రూ.28 లక్షలు.

ఈ మెట్లలో ఆలోచించవలసింది మొదటిదే. రూ.866 నిజంగా ఖాతాలో పడింది. అది అబద్ధం కాదు. దాన్ని చూసిన మనిషి ‘మోసమైతే డబ్బెందుకు ఇస్తారు’ అనుకుంటాడు. ఇచ్చేవాడి వైపు నుంచి చూస్తే ఆ ఎనిమిది వందలు అతని వ్యాపారపు ఖర్చు. గాలానికి ఎర గుచ్చినవాడు ఆ ఎరను నష్టంగా రాసుకోడు. కాబట్టి డబ్బు వచ్చిందన్నది పని నిజమనడానికి రుజువుగా చెల్లదు. ఏ పనికి వచ్చింది, ఆ పని వల్ల ఎవరికి ఎంత లాభం కలిగింది అన్నదే చూడాలి. ముక్కూ మొహం తెలియని మనిషి ఇచ్చే దొంగ రేటింగ్‌కు గంటకు వెయ్యి రూపాయలు ఇచ్చే హోటల్ లోకంలో ఉండదు.

చుట్టుపక్కలవాళ్ల సాక్ష్యం విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. సిద్దిపేట లాంటి చోట ఇలాంటి పథకం చాలాసార్లు ప్రకటన ద్వారా కాక, మహిళా సంఘంలో పక్కన కూర్చునే అక్క ద్వారానో, బావమరిది ద్వారానో ఇంటికి వస్తుంది. ‘నాకు నిజంగానే వచ్చింది వదినా’ అని ఆమె చెప్పేది నిజమే. ఆమెకు వచ్చింది. కరక్కాయల్లో ముందు చేరినవాళ్లకూ వచ్చింది. చెప్పే మనిషి నిజాయితీ గురించి ఏ అనుమానమూ అక్కర్లేదు. ఆమెకు తెలిసింది తన ఖాతాలో డబ్బు పడిందన్న సంగతి మాత్రమే, అది ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఆమెకూ తెలియదు. ఆ మాట మీద సంఘం అప్పు తెచ్చి కడితే, డబ్బు పోయిన రోజు అప్పుతో పాటు చుట్టరికమూ దెబ్బతింటుంది. వాయిదా కట్టలేని సభ్యురాలి భారం మిగతా సభ్యుల మీద పడుతుంది. ఇలాంటి వాటికి సంఘం అప్పును, పుస్తెల తాడు తాకట్టును వాడనే కూడదు.

డేటా ఎంట్రీ పేరుతో జరిగేది ఇంకో రకం. ఇందులో డబ్బు ఆశ కంటే భయంతో లాగుతారు. వందల ఫారాలు నింపమని ఇస్తారు, ఆన్‌లైన్‌లో ఒప్పందం మీద సంతకం పెట్టించుకుంటారు. గడువు చివర తప్పులు ఎక్కువున్నాయని చెప్పి కూలి ఎగ్గొట్టడమే కాక, ఒప్పందం ఉల్లంఘించారంటూ వకీలు పేరుతో నోటీసు పంపి, కేసు వద్దంటే ఇన్ని వేలు కట్టమంటారు. వాట్సాప్‌లో వచ్చే అలాంటి నోటీసు చూసి డబ్బు కట్టనక్కర్లేదు. నోటీసును దాచిపెట్టి పోలీసులకు చూపాలి.

అన్నిటికంటే ప్రమాదమైనది పనే లేని పని. బ్యాంకు ఖాతా వాడుకోనిస్తే నెలకు ఇంత అనో, ఖాతాలో పడిన డబ్బును వేరే ఖాతాకు పంపితే శాతం ఇస్తామనో వచ్చే బేరం. అక్కడ పడేది మరో బాధితుడి డబ్బు. ఖాతా ఎవరి పేరున ఉంటే పోలీసులు ముందుగా ఆ ఇంటికే వస్తారు. ఏటీఎం కార్డు, సిమ్ కార్డు, పాస్‌బుక్ అద్దెకు ఇచ్చిన కాలేజీ పిల్లలు నిందితులుగా నిలబడ్డ కేసులు తెలంగాణలో చాలానే నమోదయ్యాయి.

గొలుసులో ఇరవయ్యో వరుస

వస్తువులు అమ్మడం, మనుషుల్ని చేర్చడం కలిసి ఉండే గొలుసుకట్టు వ్యాపారాల మీద తెలుగు నేల మీద పెద్ద పోరాటమే జరిగింది. ఆమ్వే పథకం 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం పరిధిలోకి వస్తుందని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లో తేల్చింది. 2022 ఏప్రిల్‌లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఆ కంపెనీకి చెందిన రూ.757 కోట్ల ఆస్తులను జప్తు చేస్తూ, వస్తువుల మీద కంటే సభ్యులుగా చేరితే ధనవంతులెలా అవుతారన్న ప్రచారం మీదే అక్కడ దృష్టి ఉందని చెప్పింది. కంపెనీ తాను చట్టానికి లోబడే నడుస్తున్నానని అంటూ వచ్చింది. 2019లో సైబరాబాద్ పోలీసులు ఈబిజ్ అనే మరో గొలుసుకట్టు కంపెనీ కేసులో 17 లక్షల మంది నుంచి సుమారు రూ.5,000 కోట్లు వసూలైనట్టు ప్రకటించారు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ అగ్నిప్రమాదంలో ఆరుగురు యువతీ యువకులు ఊపిరాడక చనిపోయారు. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం ప్రాంతాల నుంచి బతుకుదెరువుకు వచ్చిన పిల్లలు. వాళ్లు పనిచేసిన మార్కెటింగ్ ఆఫీసులో చేరడానికి ముందు డబ్బు కట్టించుకున్నారని కుటుంబాలు చెప్పాక గొలుసుకట్టు వ్యాపారం దిశగానూ దర్యాప్తు సాగింది. ఇరవై దాటీ దాటని ఆ పిల్లలను అంత దూరం రప్పించింది ఉద్యోగమన్న మాటే.

గొలుసు ఎందుకు తెగుతుందో చెప్పడానికి చట్టం అవసరం లేదు, గుణకారం చాలు. ఒక మనిషి ఇద్దరిని చేర్చాలి, ఆ ఇద్దరూ చెరో ఇద్దరిని, ఆ నలుగురూ మళ్లీ చెరో ఇద్దరిని. ఇరవయ్యో వరుస నిండడానికి 10,48,576 మంది కావాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి సిద్దిపేట జిల్లా పరిధిలో చంటిపిల్లలతో సహా ఉన్నది సుమారు 10 లక్షల 12 వేల మంది. ఇంకో సంగతి ఏమిటంటే, ఇలా పెరిగే గొలుసు ఏ రోజు ఆగినా, చిట్టచివరి వరుసలో ఉన్నవాళ్లు పైన ఉన్న అన్ని వరుసల మొత్తం కంటే ఎక్కువే ఉంటారు. వాళ్ల కింద ఎవరూ ఉండరు. అంటే చేరినవాళ్లలో సగానికి పైగా నష్టపోవడం ఆ పథకం విఫలమైనందువల్ల జరిగేది కాదు, దాని నిర్మాణమే అంత.

నేరుగా ఇంటింటికీ సరుకు అమ్మే వ్యాపారాలన్నీ నేరం కావు. 2021 డిసెంబర్ 28 నాటి డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు వాటికి హద్దులు గీశాయి. మనుషుల్ని చేర్చినందుకు డబ్బు ఇచ్చే పిరమిడ్ పథకాలను నిషేధించాయి, చేరడానికి రుసుము వసూలు చేయకూడదన్నాయి. కొత్తవాళ్లను ఒక్కరిని కూడా చేర్చకుండా, సరుకును పక్కింటికి అమ్మి మాత్రమే ఎంత మిగులుతుందో లెక్కేస్తే ఆ వ్యాపారం ఏ పక్షాన ఉందో తెలిసిపోతుంది.

ప్రకటనలోని మాటలు

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 తప్పుదోవ పట్టించే ప్రకటన అంటే ఏమిటో నిర్వచించింది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అలాంటి ప్రకటన ఇచ్చినవారికి, దాన్ని సమర్థించిన ప్రముఖులకు పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయగలదు. 2022 జూన్‌లో మార్గదర్శకాలు వచ్చాయి. సోషల్ మీడియాలో డబ్బు తీసుకుని ప్రచారం చేసేవాళ్లు ఆ సంగతి చెప్పాలని ఆ తర్వాత స్పష్టం చేశారు. చట్టం మంచిదే. కానీ అది ప్రకటన కనిపించాక కదులుతుంది, చూసిన మనిషి డబ్బు ఆలోపే పోతుంది.

కాబట్టి చూసేవాళ్లే చదవడం నేర్చుకోవాలి. నిజమైన పని ఇచ్చేవాడు పనిని వర్ణిస్తాడు. ఏం చేయాలి, ఎన్ని గంటలు, ఏ నైపుణ్యం కావాలి, ఎవరికి జవాబు చెప్పాలి అన్నవి ముందు చెబుతాడు. మోసగాడు రాబడిని వర్ణిస్తాడు, పని గురించి రెండు ముక్కల్లో తేలుస్తాడు. ‘చదువు అక్కర్లేదు, అనుభవం అక్కర్లేదు, ఫోన్ ఉంటే చాలు’ అన్నప్పుడు, ఎవరైనా చేయగల పనికి ఎవరూ ఇవ్వనంత కూలి ఎందుకిస్తారని అడగాలి. ‘ఈరోజే ఆఖరు, ఇరవై సీట్లే మిగిలాయి’ అన్నది ఆలోచించే సమయాన్ని లాక్కోవడానికే. మంత్రి, నటుడు, పారిశ్రామికవేత్త మాట్లాడుతున్నట్టున్న వీడియో ఇప్పుడు కంప్యూటర్‌లో తయారవుతుంది, గొంతుతో సహా. ప్రభుత్వ ముద్రను అతికించడం ఇంకా తేలిక.

ఒక ఉపాయం చాలామందికి తెలియదు. మెటా యాడ్ లైబ్రరీలో పేజీ పేరు వెతికితే అది ఇప్పుడు ఏయే ప్రకటనలు నడుపుతోందో, ఎప్పుడు మొదలుపెట్టిందో కనిపిస్తుంది. గూగుల్‌కూ అలాంటి యాడ్స్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్ ఉంది. పదేళ్ల కంపెనీ అని చెప్పుకునే పేజీ పది రోజుల కింద పుట్టిందని తేలితే ఇక మాట్లాడుకోవలసింది లేదు.

కోర్సులు అమ్మేవాళ్లది బూడిద రంగు ప్రాంతం. ఆన్‌లైన్ అమ్మకాలతో నెలకు లక్షలు సంపాదిస్తున్నానని చెప్పే మనిషి ముందు తొంభై తొమ్మిది రూపాయల క్లాసు పెడతాడు, అందులో వేల రూపాయల ‘మెంటార్‌షిప్’ అమ్ముతాడు. నేర్పేది పూర్తిగా అబద్ధం కాకపోవచ్చు. ఆయన ఆదాయం చెప్పిన వ్యాపారం నుంచి వస్తోందా, ఆ వ్యాపారం గురించి చెప్పే కోర్సు నుంచి వస్తోందా అన్నదే తేడా. నేర్చుకోవడానికే అయితే కేంద్ర ప్రభుత్వ స్వయం వేదిక, రాష్ట్ర ప్రభుత్వ టీ-శాట్ పాఠాలు ఖర్చు లేకుండా దొరుకుతాయి.

చిరునామా దాకా వెళ్లడం

పేరు, నంబరు, చిరునామా, ఖాతా అనే నాలుగింటినీ విడివిడిగా పట్టి చూడాలి. కంపెనీ పేరును కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో వెతికితే అది ఎప్పుడు నమోదైందో, చురుగ్గా ఉందో లేదో తెలుస్తుంది. అయితే ‘మాకు రిజిస్ట్రేషన్ ఉంది’ అన్న మాటకు పెద్ద బరువు లేదు. కంపెనీ పెట్టడం నేరం కాదు, కష్టమూ కాదు. కరక్కాయల వ్యాపారమూ ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పేరుతోనే నడిచింది. రిజిస్ట్రేషన్ లేకపోతే దూరంగా ఉండాలి, ఉంటే తర్వాతి ప్రశ్నకు వెళ్లాలి, అంతే. జీఎస్టీ సంఖ్య 15 అక్షరాలది, మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. హైదరాబాద్ కంపెనీ అని చెప్పి వేరే అంకెలతో బిల్లు ఇస్తే కారణం అడగాలి. ఆ సంఖ్యను జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూస్తే అసలు యజమాని పేరు, వ్యాపార రకం బయటపడతాయి. ఉద్యమ్ ధ్రువపత్రం చూపించి ప్రభుత్వ అనుమతి అనేవాళ్లూ ఉన్నారు. అది చిన్న పరిశ్రమలు తమ వివరాలు తామే చెప్పి ఉచితంగా తీసుకునే నమోదు మాత్రమే. దాన్ని ఇప్పిస్తామని డబ్బు అడిగినా అనుమానించాల్సిందే.

ఖాతా పరీక్ష అన్నిటికంటే తేలిక. కంపెనీ పేరు ఒకటి, డబ్బు వేయమన్న యూపీఐలో కనిపించే పేరు ఎవరిదో వ్యక్తిది, మరుసటిసారి ఇంకొకరిది అయితే అక్కడితో ఆగిపోవాలి. డబ్బు రావడానికి పిన్ కొట్టమంటే అది పంపించే డబ్బే, వచ్చేది కాదు.

ఇక చిరునామా. సిద్దిపేట బస్టాండులో ఎక్కితే రాజీవ్ రహదారి మీదుగా సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండు చేరడానికి ఒక పూట పడుతుంది. యాభై వేలు కట్టబోయే మనిషికి ఆ బస్సు టికెట్టు ఖర్చు కాదు. అక్కడికి వెళ్లి చూడవలసింది ఆఫీసు హంగు కాదు, వెళ్లినవాళ్లలో చాలామంది ఆ హంగుకే పడిపోయారు. సరుకు ఎక్కడ నిల్వ ఉంది, లారీలు ఎటు వెళ్తున్నాయి, కొంటున్న దుకాణం పేరేమిటి, దానితో నేరుగా మాట్లాడవచ్చా? పక్క షాపువాళ్లను ఎన్నాళ్ల నుంచి ఉన్నారో అడగాలి. పని ఇచ్చేవాడు విదేశంలో ఉంటానంటే, ఉద్యోగం కూడా అక్కడే ఇప్పిస్తానంటే మరింత జాగ్రత్త. 2024లో పక్కనే ఉన్న సిరిసిల్ల జిల్లా యువకుడొకరు ఉద్యోగమని కంబోడియా వెళ్లి, సైబర్ మోసాలు చేయించే ముఠా చేతిలో చిక్కి, పోలీసుల చొరవతో బయటపడ్డాడు. వాట్సాప్‌లో తీయగా మాట్లాడే ఆ ఏజెంటు కూడా ఒక్కోసారి అలా చిక్కినవాడే.

నిజమైన పనికీ లెక్క కావాలి

మోసం కాదని తేలినంత మాత్రాన లాభమని కాదు. ఈ రెండో పరీక్షను చాలామంది వదిలేస్తారు. ఊహకు ఒక లెక్క. గజ్వేల్‌లో ఒకామె మామిడికాయ తొక్కు ఆన్‌లైన్‌లో కిలో నాలుగు వందలకు అమ్ముతుందనుకుందాం. కాయలు, నూనె, కారం, ఉప్పు, అల్లం వెల్లుల్లికి రూ.190. డబ్బా, ప్యాకింగ్ రూ.25. కొరియర్ రూ.70. ప్రకటన ఖర్చు, వేదిక కమీషన్ కలిపి రూ.40. పగిలినవి, తిరిగొచ్చినవి సర్దుకుంటే రూ.15. మిగిలేది అరవై. నెలకు వంద కిలోలు అమ్మితే ఆరు వేలు. కోయడం, కలపడం, ప్యాక్ చేయడం, ఫోన్లకు జవాబివ్వడం అన్నీ కలిపి రోజుకు నాలుగు గంటలైతే, గంటకు యాభై రూపాయలు. ఈ అంకె నచ్చితే చేయవచ్చు, నచ్చకపోతే ధరో కొరియర్ ఖర్చో మార్చుకోవాలి. ప్రకటనలు అమ్మకాన్ని చెబుతాయి, మిగులును చెప్పవు. ‘నెలకు నలభై వేల వ్యాపారం’ అన్నది ఈమె విషయంలో అక్షరాలా నిజం, ఇంటికి వచ్చేది ఆరు వేలు.

తినే వస్తువుకు నామమాత్రపు రుసుముతో దొరికే ఎఫ్ఎస్ఎస్ఎఐ నమోదు తీసుకోవాలి. రాష్ట్రం లోపలే ఆన్‌లైన్ వేదికల మీద సరుకు అమ్మే చిన్న వ్యాపారులకు 2023 అక్టోబర్ 1 నుంచి పరిమితి లోపు ఉంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, వేదికలో నమోదుకు ఒక ఎన్‌రోల్‌మెంట్ సంఖ్య చాలు. గొల్లభామ చీరలకు, చేర్యాల బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. వాటిని తెచ్చి ఆన్‌లైన్‌లో అమ్మాలనుకునేవాళ్లకు కొనేవాడు ఎవరన్న ప్రశ్నకు జవాబు ముందే సిద్ధంగా ఉన్నట్టు. కష్టమల్లా ఆ కొనేవాడిని వెతుక్కోవడంలో, మంచి ఫొటో తీయడంలో, తిరిగొచ్చిన చీరను భరించడంలో ఉంది. మొదటి మూడు నెలలు చేతిలో ఉన్న డబ్బుతో, పది ముక్కల సరుకుతో నడిపి చూడటం మేలు.

డబ్బు పోయాక

ముందుగా 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు దాటిపోకముందే ఖాతాను ఆపే వీలు అంత ఎక్కువ. అరగంట సిగ్గుపడి కూర్చున్నా ఆ డబ్బు నాలుగైదు ఖాతాలు మారిపోతుంది. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు, దగ్గరి పోలీస్ స్టేషన్‌కూ వెళ్లవచ్చు. లావాదేవీల సంఖ్యలు, ఖాతా వివరాలు, చాట్‌లు, ప్రకటన స్క్రీన్‌షాట్ జాగ్రత్తగా పెట్టుకోవాలి. కోపంతో చాట్ తుడిచేయడం, గ్రూపులోంచి బయటికి రావడం అవతలివాడికి చేసే సాయమే. తప్పుడు ప్రకటన మీద అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

పోయిన డబ్బు తెప్పిస్తామని, దానికి ముందు కొంత ఫీజు, పన్ను కట్టమని ఆ తర్వాత ఫోన్లు రావడం మామూలు. ఒక్కోసారి మొదటి ముఠా అమ్మిన బాధితుల జాబితాతోనే ఈ రెండో ముఠా పనిచేస్తుంది, వాళ్లకు పైసా ఇవ్వకూడదు. బ్యాంకుల్లో ఆపగలిగిన సొమ్మును తిరిగి ఇప్పించే దారి చట్టంలోనే ఉంది. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో, రాష్ట్ర న్యాయసేవాధికార సంస్థ కలిసి 2024 నుంచి లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు అలా సొమ్ము ఇప్పిస్తున్నాయి. దానికి బాధితులు ఎవరికీ ఫీజు కట్టనక్కర్లేదు, ఫిర్యాదు నంబరు, బ్యాంకు పాస్‌బుక్కు, ఆధార్ దగ్గర ఉంచుకుని పోలీస్ స్టేషన్ ద్వారా దరఖాస్తు చేసుకోవాలి.